కో-పైలట్ లేని నాలుగు గంటలు

శంషాబాద్ నుంచి సింగపూర్‌కు నేరుగా వెళ్లే విమానం సుమారు నాలుగున్నర గంటలు గాల్లో ఉంటుంది. అంతసేపూ కాక్‌పిట్‌లో ఇద్దరుంటారు. ఒకరు విమానం నడుపుతుంటే, రెండోవారి పని ఆ నడిపేవారిని కనిపెట్టుకుని ఉండటం. చెక్‌లిస్టు ఒకరు పైకి చదువుతారు, ఇంకొకరు చూసి బదులిస్తారు. వేల గంటలు ఎగిరిన కెప్టెన్‌కైనా ఇందులో మినహాయింపు లేదు. 2024 డిసెంబర్ 12న అదే సింగపూర్‌లో, సెంటోసా దీవిలోని ఒక హోటల్లో, ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు దాదాపు అంతేసేపు ఒక బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. వాళ్లలో ఏ ఒక్కరి పక్కనా రెండో మనిషి లేడు. 55వ ఎత్తులో చైనాకు చెందిన ప్రపంచ చాంపియన్ డింగ్ లిరెన్ తన రూక్‌ను ఎఫ్2 గడిలోకి జరిపాడు. 58వ ఎత్తుతో ఆట ముగిసింది. ఆ మూడు ఎత్తుల తేడాలో ప్రపంచ టైటిల్ చేతులు మారి, దొమ్మరాజు గుకేశ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడి దగ్గరికి వచ్చింది. 1985లో కాస్పరోవ్ 22 ఏళ్లకు గెలిచినప్పుడు, అంతకన్నా చిన్న చాంపియన్‌ను ఇప్పట్లో చూడబోమని అనుకున్నారు.

ఆ మర్నాటి నుంచి మన దగ్గర జరిగిన చర్చంతా కుర్రాడు ఎవరివాడన్న దాని మీదే. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మన తెలుగు కుర్రాడన్నారు. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 5 కోట్ల రూపాయల బహుమతి ప్రకటించారు. పుట్టి పెరిగింది చెన్నైలో, ఇంట్లో మాట తెలుగు. రెండు రాష్ట్రాలవాళ్లూ చెప్పింది నిజమే కాబట్టి ఆ తగవులో తీర్పు చెప్పాల్సిన అవసరం లేదు. అయితే ఆ గోలలో అసలు ప్రశ్న పక్కకు పోయింది. ఆ గేమ్ గుకేశ్ గెలిచాడా, డింగ్ పోగొట్టుకున్నాడా? ప్రపంచమంతా ఇచ్చిన జవాబు రెండోదే. ఆ జవాబు తప్పని నా వాదన. అది గుడ్డి దెబ్బ ఎందుకు కాదో చదరంగం పుస్తకాల కంటే శంషాబాద్ విమానాశ్రయం బాగా చెబుతుంది.

ముందు బల్ల మీద ఏం జరిగిందో చూద్దాం. 13 గేములయ్యేసరికి స్కోరు 6.5-6.5. ఈ 14వ గేమ్ కూడా డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్ టైబ్రేక్‌లు. వేగం ఆటలో డింగ్‌దే పైచేయి అవుతుందని చాలామంది లెక్క, బహుశా డింగ్ లెక్క కూడా అదే. తెల్లపావులు తనవే అయినా గెలుపు కోసం తొందరపడలేదు. పావులు మార్చుకుంటూ, ఒక బంటు పోయినా సరే నిలబడగలిగే స్థితిలోకి ఆటను దించాడు. చివరికి ఇద్దరి దగ్గరా ఒక్కో రూక్, ఒక్కో బిషప్, గుకేశ్‌కు ఒక్క బంటు ఎక్కువ మిగిలాయి. (పాతవాళ్లు ఏనుగు, శకటు అనేవారు. ఇప్పటి పిల్లలంతా రూక్, బిషప్ అనే అంటున్నారు కాబట్టి నేనూ వాళ్ల మాటే వాడుతున్నాను.) కంప్యూటర్ దాన్ని డ్రా అంది. వ్యాఖ్యాతలూ డ్రా అనే అన్నారు. చాలామంది గ్రాండ్‌మాస్టర్లయితే అక్కడ చేతులు కలిపేసి మర్నాటి సంగతి చూసుకునేవాళ్లు. గుకేశ్ కలపలేదు. రూక్‌ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రాజుకు చెక్ ఇచ్చాడు, వెనక్కి తగ్గాడు, మళ్లీ వచ్చాడు. చూసేవాళ్లకు విసుగొచ్చే ఆట అది, ఆ మాట దాచను. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకేలా లేదు. ఆఖరికి గుకేశ్ దగ్గర గంటకు పైగా ఉంటే, డింగ్ దగ్గర ఉన్నది దాదాపు పది నిమిషాలు, ఆపైన ఎత్తుకు 30 సెకన్ల చొప్పున కలిసేవి.

డింగ్ బిషప్ అప్పుడు ఏ8లో ఉంది, అంటే బల్ల మూలన. తప్పంతా ఈ ఒక్క గడిలో ఉంది. బిషప్ అడ్డంగా, నిలువుగా కదలదు, మూలగా మాత్రమే కదులుతుంది. బల్ల నడుమ ఉంటే దానికి నాలుగు దారులు, అంచున ఉంటే రెండు. మూల గడిలో ఉంటే ఒకటే దారి. ఆ ఒక్క దారికి ప్రత్యర్థి బిషప్ ఎదురొచ్చి నిలబడితే పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. మార్చుకు తీరాలి. డింగ్ రూక్‌ను ఎఫ్2కు తెచ్చి రూకుల మార్పిడికి పిలిచాడు. గుకేశ్ సరేనన్నాడు. రూకులు పోగానే అతని బిషప్ డీ5లోకి వచ్చి ఆ దారిని మూసేసింది. బిషప్‌లూ పోయాయి. మిగిలినవి రాజులు, బంట్లు. అప్పటిదాకా లెక్కలోకి రాని ఆ ఒక్క బంటే ప్రపంచ టైటిల్ అయింది. ఆ బిషప్ మూలన కాక మరో గడిలో ఉండి ఉంటే ఎఫ్2 మామూలు ఎత్తే. వేల ఎండ్‌గేములు ఆడిన మనిషికి ఇది తెలియదనగలమా? తెలుసు. ఆ క్షణంలో కనపడలేదు, అంతే.

తెలిసి ఉండీ కనపడకపోవడం అన్న జబ్బుకు విమానాశ్రయాల్లో ఎప్పుడో పేరు పెట్టారు, మందూ కనిపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాడార్ తెరల ముందు కూర్చున్న సైనికులు కాసేపటికి తెర మీద ఉన్న చుక్కల్ని కూడా చూడలేకపోతున్నారని గమనించి, నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టాడు. గడియారం లాంటి పలక మీద ముల్లు అంచెలంచెలుగా కదులుతుంది. ఎప్పుడో ఒకసారి ఒకటికి బదులు రెండంచెలు దూకుతుంది. దూకినప్పుడు మీట నొక్కాలి. 1948లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం మనుషుల చురుకు అరగంటకే పడిపోయింది. ముల్లు దూకుతూనే ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, చెయ్యి మాత్రం కదల్లేదు. శంషాబాద్‌లో మన చేతిసంచి ఎక్స్‌రే పెట్టెలోంచి పోతున్నప్పుడు తెర ముందు కూర్చున్న మనిషిది సరిగ్గా ఇదే పని. వందల సంచుల్లో ఏమీ ఉండదు, అయినా ప్రతి సంచినీ ఇందులో ఏదో ఉందన్నట్టే చూడాలి. అందుకే యూరప్ నిబంధనల్లో ఆ తెరను వరుసగా 20 నిమిషాలకు మించి చూడనివ్వరు. కూర్చున్నవాళ్లు పనికిరానివాళ్లని కాదు. పనికొచ్చే మనిషి చూపుకూ హద్దుంటుందని ఒప్పుకోవడం అది.

పైలట్ల విషయంలో ఈ ఒప్పుకోలు ఎంత ఖరీదైందో 2025 డిసెంబర్ మొదటి వారంలో శంషాబాద్‌లో పడిగాపులు పడ్డ ప్రయాణికులకు బాగా తెలుసు. పౌర విమానయాన డైరెక్టరేట్ కొత్త నియమాలతో పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. ఒక్కొక్కరు చేయగల రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. దానికి తగ్గట్టు మనుషుల్ని సిద్ధం చేసుకోకపోవడంతో దేశమంతటా విమానాలు ఆగిపోయాయి, ఇక్కడా ఆగాయి. నియమం ఎలా అమలైందన్నది వేరే గొడవ. దాని వెనకున్న ఆలోచన మాత్రం స్పష్టం: అలసినవాడి తప్పు ఆకాశంలోంచి ఊడిపడదు, ముందే ఊహించవచ్చు, కాబట్టి గంటలు లెక్కపెట్టాలి. ఊహించదగ్గదాన్ని యాదృచ్ఛికం అనలేం. అలసట ఎక్కడ తప్పు చేయిస్తుందో చెప్పలేకపోయినా, ఎంతసేపటికి చేయిస్తుందో అంచనా ఉన్నవాడు ఆ సమయం వచ్చేదాకా ఆటను బతికించుకుంటే, దొరికిన తప్పు అతని సంపాదన అవుతుంది. గుకేశ్ ఆ నాలుగు గంటలూ చేసిన పని అదే.

చదరంగంలో అలసట మొదట్లో ఇంత ముఖ్యం కాదు. ఒకప్పుడు పొడవాటి గేములు మధ్యలో ఆగేవి. చివరి ఎత్తును కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతికించి మధ్యవర్తికి ఇచ్చేవారు. ఆటగాడు పోయి భోంచేసి నిద్రపోతే, సహాయకులు తెల్లవార్లూ ఆ స్థితిని చీల్చి చెండాడేవారు. 1978లో బాగియోలో కోర్చ్‌నోయ్, కార్పోవ్ ఆడిన 124 ఎత్తుల గేమ్ అలా ఆగి సాగిందే, చివరికి స్టేల్‌మేట్‌గా డ్రా అయింది. కంప్యూటర్లు బలపడ్డాక ఆ కవరు పోయింది. మధ్యలో ఆపితే ఇంటికెళ్లి మీట నొక్కి జవాబు తెచ్చుకుంటారు కదా! దాంతో ఎంత పొడుగైనా ఒకే కూర్చోవడంలో తేలాల్సి వచ్చింది. యంత్రం రావడంతో మనిషి అలసటకు విలువ పెరిగింది. ఈ వంకర తమాషాను చదరంగం లోకం సరిగ్గా గుర్తించిందని నాకు అనిపించదు.

దాన్ని ముందుగా పసిగట్టినవాడు నార్వే చాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్. 2021 డిసెంబర్ 3న దుబాయ్‌లో ఇయాన్ నెపోమ్నియాషీతో ఆరో గేమ్ సాయంత్రం నాలుగున్నరకు మొదలై అర్ధరాత్రి దాటాక ముగిసింది. 136 ఎత్తులు, ఏడుగంటల ముప్పావు. బాగియో రికార్డు పోయింది. అప్పటిదాకా ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీల్లో వరుసగా 19 క్లాసికల్ గేములు డ్రా అయ్యాయి. 2016 నుంచి ఒక్కరూ గెలవలేదు. 61వ ఎత్తు నుంచి ఇద్దరికీ మిగిలింది కొద్ది నిమిషాలు, ఎత్తుకో 30 సెకన్లు. అంటే ఆఖరి డెబ్బై పైచిలుకు ఎత్తులు ఊపిరి పీల్చుకునేంత వ్యవధిలో ఆడినవే. చివరి దశలో కార్ల్‌సన్ దగ్గర రూక్, గుర్రం, రెండు బంట్లు. ఎదురుగా ఒంటరి క్వీన్. రాజులతో కలిపి ఏడు పావులు. ఏడు పావులున్న ప్రతి స్థితికీ ఫలితం ఏమిటో యంత్రాలు లెక్కకట్టి పెట్టేశాయి. ఆ పట్టిక ప్రకారం అది డ్రా. 130వ ఎత్తులో క్వీన్‌ను తప్పు గడిలో పెట్టేదాకా డ్రాయే. పట్టిక దృష్టిలో 129 సార్లు తప్పించుకున్నవాడు 130వ సారి కూడా తప్పించుకోవాలి. మనిషి విషయంలో తప్పించుకున్న ప్రతిసారీ తర్వాతిసారి కష్టమవుతుంది. అక్కడితో ఆగలేదు కూడా. తర్వాతి ఐదు గేముల్లో నెపోమ్నియాషీ మూడు ఓడాడు. తొమ్మిదో గేమ్‌లో ఒక బంటును తోసి తన బిషప్‌ను తానే బంధించుకున్నాడు. మళ్లీ బిషప్పే. ఏడుగంటల ముప్పావు బాకీ ఒక్కరోజుతో తీరలేదన్నమాట.

దీనికి అభ్యంతరాలున్నాయి, అందులో గట్టివీ ఉన్నాయి. మొదటిది మాజీ చాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్‌ది. ప్రపంచ టైటిల్ ఇంతకు ముందెన్నడూ ఇలాంటి పసిపిల్లల తప్పుతో తేలలేదని, మనకు తెలిసిన చదరంగం ఇక్కడితో ముగిసిందని ఆయన బాధపడ్డారు. చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. 1892లో హవానాలో స్టెయినిట్జ్‌తో పోరులో చిగోరిన్ 23వ గేమ్‌లో ఒక పావు ఎక్కువగా ఉండి గెలిచే స్థితిలో కూర్చున్నాడు. రాజు పక్క గడికి కాపలా ఉన్న బిషప్‌ను ఊరికే పక్కకు జరిపాడు. రెండెత్తుల్లో మేట్. పోటీ అక్కడితో సరి. ఇక క్రామ్నిక్ స్వయంగా 2006లో బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్‌తో ఆడుతూ, ప్రపంచ చాంపియన్ హోదాలో ఉండి, ఒక్కెత్తు మేట్‌ను చూసుకోలేదు. ఇది ఆయన్ని ఎత్తిపొడవడానికి కాదు. ఆ ఒక్క ఎత్తుతో ఆయన బలహీనుడైపోలేదు, డింగ్ కూడా కాలేదు. రష్యా చదరంగ సమాఖ్య పెద్ద ఒకరు ఇంకాస్త ముందుకెళ్లి డింగ్ కావాలనే ఓడాడేమోనని అనుమానించారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) అధ్యక్షుడు ద్వోర్కోవిచ్, తప్పులు లేకపోతే ఫుట్‌బాల్లో గోల్స్ ఉండవని జవాబిచ్చారు. ఆ జవాబు చాలు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఎఫ్2 ఎత్తు పడగానే గుకేశ్‌కు కూడా అది తప్పని తట్టలేదు. ఆ సంగతి అతనే చెప్పాడు. అలవాటుగా రూక్‌ను కాపాడుకునే ఎత్తు ఒకటి వేసేయబోయి, ఎదుటి బిషప్ ఇరుక్కుపోతుందని అప్పుడు చూశాడు. వల పన్నినవాడికే చేప పడ్డట్టు తెలియకపోతే అది వలా, అదృష్టమా? ఇక్కడ గడియారాల్ని మళ్లీ చూడాలి. ఇద్దరి చేతులూ అలవాటు మీదే నడుస్తున్నాయి. ఇద్దరి కళ్లూ మాక్‌వర్త్ ముల్లును చూసి చూసి అలసినవే. కానీ ఒకడి దగ్గర గంట ఉంది, అలవాటుగా కదలబోయిన చేతిని ఆపి ఇంకోసారి చూసుకునే వెసులుబాటు ఉంది. రెండోవాడి దగ్గర అది లేదు. కాక్‌పిట్‌లో రెండో పైలట్ చేసే పనిని బల్ల మీద మిగిలిన సమయమే చేయాలి. గుకేశ్ ఆ సమయాన్ని మొదటి నుంచి కూడబెట్టుకున్నాడు. అతని సహాయకుల్లో గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. 2011లో ప్రపంచకప్ గెలిచిన భారత క్రికెట్ జట్టుతో పనిచేసిన ప్యాడీ అప్టన్ మనసు సంగతి చూసుకున్నాడు. వాళ్ల పనంతా ఆట మొదలయ్యేదాకానే. తలుపు మూశాక వాళ్లు నేల మీది ఇంజినీర్లే, కాక్‌పిట్‌లోకి రారు.

మూడో అభ్యంతరం మాత్రం నా వాదనను కొంత తగ్గించుకునేలా చేస్తుంది. పట్టు పట్టిన ప్రతివాడికీ పంట చేతికి రాదు. ఇదే పోరులో ఏడో గేమ్‌ను గుకేశ్ 72 ఎత్తుల దాకా, ఐదు గంటలకు పైగా లాగాడు. డింగ్ చెక్కుచెదరలేదు. 11వ గేమ్ ఓడిన మర్నాడే 12వది గెలిచాడు. అలసట తప్పు చేయిస్తుందన్నది సూత్రమైతే, ఇవి ఆ సూత్రాన్ని ధిక్కరించినట్టే. ఇంకా దగ్గరి ఉదాహరణ మనకు చేదుగా ఉంటుంది. 2025 జులైలో జార్జియాలోని బటూమిలో మహిళల వరల్డ్ కప్ సెమీఫైనల్లో కోనేరు హంపి, చైనా క్రీడాకారిణి లే టింగ్‌జీతో క్లాసికల్ గేములు సమమై, టైబ్రేక్‌లు ఒకదాని తర్వాత ఒకటిగా సాగి, చివరికి 5-3తో గట్టెక్కింది. అవతలి సెమీఫైనల్లో దివ్య దేశ్‌ముఖ్ టైబ్రేక్ అక్కర్లేకుండానే గెలిచి, ఆ రోజు విశ్రాంతి తీసుకుంది. ఫైనల్లో క్లాసికల్ గేములు రెండూ డ్రా. జులై 28న ర్యాపిడ్‌లో 38 ఏళ్ల హంపిపై 19 ఏళ్ల దివ్య గెలిచింది. ఆ చివరి గేమ్‌లో ఇద్దరూ తప్పులు చేశారు. హంపి తప్పు చివరిదయింది. ఓటమికి కారణం ఆ ఒక్క టైబ్రేక్ రోజే అనను. అలా అంటే దివ్య ఆటను చిన్నబుచ్చడమే. అయితే పైలట్ల డ్యూటీ పట్టీ రాసేవారెవరైనా ఆ వారం తేదీలు చూస్తే ముందుగా వేలు పెట్టేది ఆ రోజు మీదే. కాబట్టి నేను చెప్పగలిగింది ఇంతవరకే: పట్టు వదలకపోవడం గెలుపుకు హామీ ఇవ్వదు. తప్పు జరిగే అవకాశాన్ని ఎత్తు ఎత్తుకూ కాస్త పెంచుతుంది. ఏడో గేమ్‌లో పెరిగినా ఫలించలేదు, 14వ గేమ్‌లో ఫలించింది. ఏడోసారి ప్రయత్నించనివాడికి 14వసారి ఉండదు.

ఇంకొక మాట మిగిలిపోయింది. విమానాశ్రయంలో అలసినవాణ్ని కుర్చీలోంచి లేపుతారు. చదరంగంలో అలసినవాణ్ని అక్కడే కూర్చోబెట్టి ఇంకాస్త అలసేలా చేస్తారు. ఇది న్యాయమా? అందులోనూ డింగ్ 2023లో టైటిల్ గెలిచాక ఆరోగ్యం బాగాలేక చాలాకాలం సరిగా ఆడలేదని అందరికీ తెలుసు. ఆట పెద్దలు అలసట చూసి ఆట ఆపించిన సందర్భం ఒకటుంది. 1984 సెప్టెంబర్‌లో మొదలైన కార్పోవ్, కాస్పరోవ్ పోరు 48 గేములు సాగి, అందులో 40 డ్రాలై, 1985 ఫిబ్రవరిలో ఇద్దరూ నీరసించిపోయారంటూ ఫిడే అధ్యక్షుడు కాంపోమనెస్ రద్దు చేశారు. ఆటగాళ్లిద్దరూ కొనసాగిస్తామన్నారు. నలభై ఏళ్లయినా ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నవాళ్లు అరుదు. కారణం తేలికే. విమానం తప్పితే వందల ప్రాణాలు పోతాయి, ఇక్కడ పోయేది ఒక గేమ్. ప్రాణాలతో పని లేని చోట మనిషి హద్దు ఎక్కడుందో చూడాలన్న కుతూహలం తప్పు కాదు. ఆ కుతూహలం కోసమే రెండు గంటల్లో ముగియగల పోటీని నాలుగు గంటలు చూస్తాం.

డింగ్ ఫలితాన్ని హుందాగా తీసుకున్నాడు. ముందురోజు 13వ గేమ్‌లో తాను అదృష్టవశాత్తూ బయటపడ్డానని, దాన్ని చూస్తే ఇలా ఓడటం న్యాయమేనని, విచారం లేదని విలేకరులతో చెప్పాడు. ఓడినవాడే గుడ్డి దెబ్బ అనలేదు. అతను కరచాలనం చేసి లేచి వెళ్లాక గుకేశ్ కాసేపు తలపట్టుకుని ఏడ్చాడు. తర్వాత, ప్రతి గేమ్ అయ్యాక చేసే అలవాటు ప్రకారం, రాజుల్ని, రూకుల్ని, బంట్లను ఒక్కొక్కటిగా తెచ్చి మళ్లీ మొదటి వరుసల్లో నిలబెట్టాడు. అలవాటు మీద కదిలిన ఆ చేతిని ఈసారి ఆపాల్సిన పని లేకపోయింది.